అర్జెంటీనా వైన్ రుచి చూసి మంచీచెడూ చెప్పడం ఎలా: వగరు దగ్గర మొదలెడదాం

అర్జెంటీనాలో పేరున్న రెడ్ వైన్ మాల్బెక్ ఒక గుక్క నోట్లో పోస్కుని, నాలుగైదు సెకన్లు అటూ ఇటూ తిప్పి మింగేసాక, నాలుక కొసతో పైపళ్ళ చిగుళ్ళ మీద ఒకసారి రుద్ది చూడండి. పట్టేసినట్టు, కొంచెం గరుగ్గా ఉంటుంది, గుప్పెడు నేరేడు పళ్ళు తిన్నాక నోరు ఎలా ఉంటుందో అచ్చం అలాగ. అదే వగరు. ఆ వగరునిచ్చే పదార్థాన్ని ఇంగ్లీషులో టానిన్ అంటారు, ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వస్తుంది, రెడ్ వైన్‌ని తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి అందులో ఎక్కువ, వైట్‌లో దాదాపు ఉండదు.

నేను డాలస్‌లో డబ్బులు కట్టి ఒక టేస్టింగ్ క్లాసుకి వెళ్ళినప్పుడు ఈ టానిన్ అనే మాట దగ్గరే రెండు వారాలు ఆగిపోయా. పక్కన కూర్చున్నవాళ్ళల్లో సగంమంది దాన్ని చేదు చేదు అంటుంటే నేనూ గ్లాసులో చేదు కోసం వెతుక్కున్నా, దొరకలేదు. మూడో వారం కాబెర్నే అనే ఇంకో రెడ్ వైన్, కుర్రది, తాగుతుంటే పచ్చి జామకాయ కొరికినట్టు నోరు పట్టేసింది, అప్పుడు వెలిగింది, వీళ్ళు చెప్పేది వగరు గురించి అని. మనకి ఉగాది పచ్చడి తిన్న వయసు నుంచే వేపపువ్వు చేదు వేరు, మామిడి పిందె వగరు వేరు అని తెలుసు కదా. ఆ రోజు నుంచీ నోట్‌బుక్‌లో తెలుగులోనే రాస్కుంటున్నా, నా మాట మీద నాకు నమ్మకం కుదిరింది కూడా అప్పట్నుంచే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన ఊళ్ళల్లో బోర్డు మీద వైన్స్ అని రాసి ఉన్నా ఆ షాపుల్లో జనం కొనేది బీరు, బ్రాందీ, విస్కీనే ఎక్కువ, అందుకని మనలో చాలామందికి అసలు వైన్ రుచి తగిలేది ఇరవై ఐదేళ్ళు దాటాక, బయటి దేశంలో, ఏ ఆఫీసు డిన్నర్‌లోనో. పక్కవాళ్ళు బ్లాక్‌కరెంట్, వయొలెట్ అంటుంటే మనకి ఆ పళ్ళూ తెలీవు ఆ పూలూ తెలీవు, నాకు రుచి తెలీదులే అని అక్కడితో వదిలేస్తారు. వదలక్కర్లేదు. పులుపు, తీపి, చేదు, వగరు విడివిడిగా పట్టుకోగలిగితే సగం పని అయిపోయినట్టే.

అర్జెంటీనాతోనే ఎందుకు మొదలెట్టాలంటే, అక్కడి సీసాలు చాలావరకు ఒకే ద్రాక్ష పేరుతో వస్తాయి, లేబుల్ మీద రకం పేరు వేస్తే అందులో కనీసం 85 శాతం అదే ఉండాలని రూలు ఉంది, కాబట్టి ఏ రుచి ఎక్కడ్నుంచి వచ్చిందో తేల్చుకోవడం తేలిక. పైగా ధర అందుబాటులో ఉంటుంది. నేర్చుకోడానికి నాలుగు సీసాలు చాలండి. అక్కడ వైన్‌కి పేరున్న ప్రాంతం మెండోసా, ఆ పేరు మాత్రమే రాసి ఉన్న మామూలు మాల్బెక్ ఒకటి. మెండోసాలోనే ఎత్తు మీద ఉండే ఊకో వ్యాలీ అనో, అందులోనే ఇంకా చిన్న చోటు పేరు, గ్వాల్తయారి, పరాహె అల్తమీరా, లా కొన్సుల్తా లాంటిది ఉన్న మాల్బెక్ ఇంకోటి. ఉత్తరాన సాల్తా ప్రావిన్స్‌లో కఫయాతె నుంచి వచ్చిన తొర్రొంతేస్ అనే వైట్ ఒకటి. నాలుగోది ఊకో వ్యాలీ షార్డొనే, అదీ వైటే. రెండు మాల్బెక్‌లూ ఒకే కంపెనీవి, ఒకే సంవత్సరానివి దొరికితే మరీ మంచిది, అప్పుడు తేడా అంతా నేలదీ ఎత్తుదీ అవుతుంది. నలుగురైదుగురు కలిసి తలా ఒకటి తెచ్చుకుంటే ఖర్చూ తగ్గుతుంది, నాలుగు నాలుకలు కూడా ఉంటాయి.

తాగే ముందు ఇల్లు చూస్కోండి. ఇంగువ పోపు పెట్టిన అరగంటకి వైన్ వాసన చూడాలంటే కుదరదు, అగరొత్తి వెలిగించిన గదిలో అసలే కుదరదు. సెంటు పూస్కోకండి, వక్కపొడి, కాఫీ, పుదీనా చూయింగ్ గమ్ గంట ముందే ఆపేయండి. గ్లాసు ఏదైనా పర్లేదు గానీ పైన మూతి కాస్త దగ్గరికి వచ్చినట్టు ఉండాలి, వాసన లోపల నిలబడాలి కదా, అందుకని. సబ్బు వాసన లేకుండా వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. మూడో వంతు కంటే ఎక్కువ పోయకండి. పక్కన ఒక పేపర్ కప్పు పెట్టుకోండి, ఉమ్మడానికి. మనవాళ్ళకి ఇది మొహమాటం, మా ఇంట్లో మొదటిసారి ఎవ్వరూ ఉమ్మలేదు, నాలుగో గ్లాసుకి అందరికీ అన్నీ బాగున్నాయి. ఈ పని రోజూ చేసేవాళ్ళు ఉమ్మే చూస్తారు, వాసనా రుచీ మింగకుండానే చాలావరకు తెలుస్తాయి, పైగా తర్వాత కారు నడపాల్సినవాళ్ళు ఎటూ ఉమ్మాల్సిందే.

చల్లదనం విషయం మాత్రం గట్టిగా చెప్తా. రెడ్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలి అని అందరూ అంటారు, ఆ మాట పుట్టింది పాత యూరప్‌లో చలి గదుల్లో. హైదరాబాద్‌లో మే నెల గదీ డాలస్‌లో ఆగస్టు గదీ ఆ గదులు కావు. మాల్బెక్ 16 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉండాలి, అంటే గదిలో ఉన్న సీసాని ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. వేడిగా ఉంటే ఆల్కహాల్ ముక్కులోకి పొడుచుకొస్తుంది, పళ్ళ రుచి జామ్‌లా ముద్దైపోతుంది. వైట్‌కి దీనికి ఎదురు తప్పు చేస్తాం, ఫ్రిజ్‌లోంచి తీసి తీయగానే తాగేస్తాం, మంచుగడ్డలా ఉంటే వాసన లేవదు. తొర్రొంతేస్‌కి 8 నుంచి 10 డిగ్రీలు, షార్డొనేకి ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ, ఫ్రిజ్ బయట పది పదిహేను నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

వైట్‌తోనే మొదలెట్టండి, ముందు రెడ్ తాగితే ఆ వగరు నోట్లో ఉండిపోయి తర్వాత ఏదీ సరిగ్గా తెలీదు.

తొర్రొంతేస్ గ్లాసు తిప్పకుండా ముందు ముక్కు దగ్గర పెట్టండి. నాకు మొదటిసారి అనిపించింది, సాయంత్రం మల్లెపూల బుట్ట పక్కనించి నడిచినట్టు ఉందని. మల్లె, గులాబీ, నారింజ తొక్క నలిపిన వాసన, వెనకాల ఒక ద్రాక్షపండు తీపి వాసన. ఈ వాసనలో పెద్ద భాగం లినలూల్ అనే ఒక పదార్థానిది, అదే మల్లెల్లోనూ ఉంటుంది, మన ధనియాల్లోనూ ఉంటుంది, నమ్మకపోతే రెండు ధనియాలు అరచేతిలో నలిపి వాసన చూసి వెంటనే గ్లాసు వాసన చూడండి. ఈ ద్రాక్ష అర్జెంటీనాలోనే పుట్టింది. ఇందులో మూడు రకాలున్నాయి, మంచిదని పేరున్నది తొర్రొంతేస్ రియోహానో, మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా అనే ద్రాక్షకీ స్పానిష్‌వాళ్ళు తెచ్చిన క్రియోయా చీకాకీ పుట్టిన సంకరం అని డీఎన్ఏలో తేలింది. పూల వాసన మస్కట్ వైపు నుంచి వచ్చిందే.

ఇప్పుడు నోట్లో పోస్కోండి. ఇక్కడే చాలామంది తికమక పడతారు. వాసన అంత తియ్యగా ఉంటే రుచి కూడా తియ్యగా ఉంటుందని నాలుక ఎదురుచూస్తుంది, కానీ తొర్రొంతేస్ చాలావరకు డ్రై, చక్కెర ఉండదు, పులుపు పెట్టుకుని శుభ్రంగా వెళ్ళిపోతుంది. చివర్లో నాలుక వెనకాల ఒక చిన్న చేదు ఉంటుంది, బత్తాయి తొనతో పాటు లోపలి తెల్లపొర కొరికినప్పుడు వచ్చే చేదు. అది కొంచెం ఉంటే తప్పు కాదు, దాని స్వభావమే అది, తర్వాతి ముద్దకి నోరు సిద్ధం చేస్తుంది. ఆ చేదు ఒక్కటే మిగిలి పూలవాసన మాయమైతే మాత్రం ఆ సీసా నాసిరకం. ఇంకో సంగతి, దీన్ని దాచకండి, ఒకటి రెండేళ్ళలో తాగేయాలి, నాలుగేళ్ళ పాత తొర్రొంతేస్ డిస్కౌంట్‌లో కనిపిస్తే అక్కడే వదిలేయండి. దక్షిణార్ధగోళం కాబట్టి వాళ్ళ కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, అంటే లేబుల్ మీద ఒకే సంవత్సరం ఉన్నా యూరప్ వైన్ కంటే ఇది ఆరు నెలలు ముందు పుట్టినట్టు.

పులుపు కొలవడం ఎలాగంటే, మింగేసాక తల కొంచెం కిందికి వంచి ఆగండి. నోరు ఎంత ఊరుతుందో అంత పులుపు. దవడల పక్కన లాలాజలం కారుతున్నట్టు ఊరితే ఎక్కువ, ఏం ఊరకపోతే తక్కువ. వగరు దీనికి సరిగ్గా ఎదురు, అది నోరు ఎండగొడుతుంది. పులుపు నోరూరిస్తుంది, వగరు నోరు పట్టేస్తుంది, చేదు గొంతు మొదట్లో ఆగుతుంది, ఆల్కహాల్ గొంతు దిగుతూ సెగలా తగులుతుంది. ఈ నాలుగు చోట్లూ గుర్తుపెట్టుకోండి, అన్ని వైన్లకీ ఇదే లెక్క.

షార్డొనే దగ్గర ఎక్కువసేపు ఆగను, కానీ ఒక్క మాట. నికొలాస్ కతేనా అనే అర్జెంటీనా వైన్ తయారీదారు 1992లో గ్వాల్తయారిలో దాదాపు 1,450 మీటర్ల ఎత్తున అద్రియానా తోట వేసినప్పుడు అంత చలిలో ద్రాక్ష పండదని చాలామంది అనుకున్నారు, ఇప్పుడు దేశంలో పేరున్న షార్డొనేలు కొన్ని ఆ తోటవే. మీ సీసాలో నిమ్మకాయ లాంటి పదునైన పులుపు ఉందా, లేక వెనిలా రుచే పైకి తేలుతోందా చూడండి. రెండోదైతే చెక్క పీపా పని ఎక్కువైంది, నాకైతే మొదటి రకమే ఇష్టం.

ఇక మాల్బెక్. దీని మీద కాస్త నిదానంగా కూర్చోండి.

తెల్ల కాయితం మీద గ్లాసు వంచి అంచు చూడండి. కుర్ర మాల్బెక్ మధ్యలో వేలు కనపడనంత నలుపు, అంచు దగ్గర మాత్రం మంచి ఊదా, వంకాయ రంగులోకి గులాబీ కలిసినట్టు ఉంటుంది, ఆ అంచు చూసే చాలామంది దీన్ని గుర్తుపడతారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఊదా పోయి ఇటుక రంగు వస్తుంది. మూడేళ్ళ సీసాకే ఇటుక రంగు వచ్చేస్తే అనుమానించండి. గ్లాసు గోడల మీద కారే చారలు చూసి అబ్బ ఎంత మంచిదో అంటారు కొంతమంది, ఆ చారలు చెప్పేది ముఖ్యంగా ఆల్కహాల్ సంగతి, మంచితనం కాదు. రంగుకి నేను అసలు మార్కులే వేయను.

వాసనలో నల్లపళ్ళు ముందు వస్తాయి. ఇంగ్లీషులో ప్లమ్, బ్లాక్‌బెర్రీ అంటారు, నేను రాస్కునేది బాగా ముగ్గిన నేరేడు అని, కొన్నిట్లో ఎండు ఖర్జూరం, కొన్నిట్లో కిస్‌మిస్ అని. కిస్‌మిస్ అని రాసానంటే పండు చెట్టు మీద ఎక్కువ ముగ్గిపోయిందని నాకు గుర్తు, అది పొగడ్త కాదు. తర్వాత గ్లాసు తిప్పి మళ్ళీ చూడండి, ఇప్పుడు లవంగం, వెనిలా, కాఫీ, కొబ్బరి లాంటివి వస్తే అవి ద్రాక్షవి కావు, ఓక్ పీపావి. లవంగానికి ఆ ఘాటు ఇచ్చే యూజెనాలే కాల్చిన ఓక్ చెక్కలోనూ ఉంటుంది, అందుకే మన బిర్యానీ డబ్బా మూత తీసినట్టు అనిపిస్తుంది ఒక్కోసారి. కొబ్బరి వాసన ఎక్కువుంటే సాధారణంగా అమెరికన్ ఓక్. పీపా చెడ్డదని కాదు, కూరలో మసాలా లాంటిది, మసాలా తప్ప కూర రుచి తెలీకపోతే అది తప్పు. 1990ల్లోనూ 2000ల్లోనూ అర్జెంటీనాలో పెద్ద ధర వైన్ అంటే కొత్త ఓక్ దట్టించడమే అన్నట్టు నడిచింది, ఇప్పుడు చాలా బొదేగాలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు, వెనక్కి తగ్గి సిమెంట్ తొట్లలో, గుడ్డు ఆకారంలో ఉండే కాంక్రీట్ తొట్లలో ఉంచుతున్నాయి, అవి తాగితే పండు, నేల ముందుకొస్తాయి.

నోట్లో పెట్టాక వగరు ఎంత అని కాదు, ఎలాంటి వగరు అని అడగండి. ఇది నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే సంగతి. వగరుల్లో రకాలు మనకి తెలుసు. నేరేడు వగరు మెత్తన, నోరు పట్టినా మళ్ళీ ఇంకో పండు తినాలనిపిస్తుంది. పచ్చి జామ వగరు కరుకు, పళ్ళ మీద పొడి రాసినట్టు ఉంటుంది. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే బుగ్గ లోపలికి లాగేస్తుంది, ఇంక వద్దనిపిస్తుంది. మంచి మెండోసా మాల్బెక్ నేరేడు వైపు ఉంటుంది, అక్కడి ఎండకి తొక్క బాగా ముగ్గుతుంది కాబట్టి వగరు గుండ్రంగా వస్తుంది. ఇదే ద్రాక్ష దాని సొంత ఊరు, ఫ్రాన్స్‌లో కహోర్ నుంచి వచ్చింది తాగితే చాలాసార్లు పచ్చిజామ గుర్తొస్తుంది. 1853లో మిషెల్ పూజే అనే ఫ్రెంచ్ వ్యవసాయ నిపుణుడు మెండోసాలో మొక్కల బడి, నర్సరీ పెట్టడానికి వచ్చి తెచ్చిన రకాల్లో మాల్బెక్ ఒకటి, ఆ ఏడాది ఏప్రిల్ 17 గుర్తుగానే ఇప్పుడు ఆ రోజు మాల్బెక్ డే చేస్తున్నారు. ఎప్పుడైనా కహోర్ సీసా దొరికితే పక్కపక్కన పెట్టుకుని తాగండి, ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు వేరే ఊళ్ళల్లో పెరిగితే ఎలా ఉంటారో అలా.

ఎత్తు సంగతి నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు, మెండోసా వెళ్ళినప్పుడు ఎక్కింది. ఏప్రిల్ మొదట్లో వెళ్ళాం, కోతలు చివరికొచ్చాయి. ఆ ఊరు ఎడారండి, ఏడాదికి 200 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అంతే. కానీ ప్రతి వీధి పక్కనా చిన్న కాలవ, అసేకియా అంటారు, ఆండీస్ మంచు కరిగిన నీళ్ళు చెట్ల మొదళ్ళ పక్కనించి గలగలా పోతుంటాయి. స్పెయిన్‌వాళ్ళు రాకముందు ఉవార్పె జనం మొదలెట్టిన కాలవల పద్ధతి అది, తోటలు బతికేది కూడా ఆ నీళ్ళ మీదే. అగ్రెలోలో ఒక బొదేగాలో పనిచేసే పెద్దాయన, చేతులు మణికట్ల దాకా ఊదారంగు, గోళ్ళ చుట్టూ నల్లగా, రెండు ట్యాంకుల కుళాయిలు తిప్పి రెండు గ్లాసుల్లో పోసి చేతికిచ్చాడు. రెండూ మాల్బెక్, రెండూ ముందు ఏడాది కోతవే. ఒకటి అక్కడిదే, వెయ్యి మీటర్ల లోపు. రెండోది గ్వాల్తయారిది, 1,400 పైన. మొదటిది నోట్లో పోస్తే వెడల్పుగా, మెత్తగా, తియ్యటి నేరేడు. రెండోది పోయగానే నోరు ఊరింది, దవడల పక్కన, పళ్ళు పులిసినంత పని అయింది, వాసన కూడా పండు కంటే పూలూ, ఎండిన ఆకులూ. ఆయన ఏం చెప్పలేదు, నా మొహం చూసి తలూపాడు.

లెక్క ఏంటంటే, వంద మీటర్లు పైకెళ్తే దాదాపు అర డిగ్రీకి పైగా చలి పెరుగుతుంది, రాత్రులు చల్లగా ఉంటే ద్రాక్షలో పులుపు కరిగిపోకుండా నిలుస్తుంది, ఎండలో అల్ట్రావయొలెట్ ఎక్కువ కాబట్టి తొక్క మందమై రంగు దట్టమవుతుంది. సాల్తాలో కొలోమే అనే బొదేగా వాళ్ళకి 3,111 మీటర్ల ఎత్తున కూడా తోట ఉంది, కఫయాతె చుట్టుపక్కలే 1,700 మీటర్లు, అక్కడి మాల్బెక్‌లు నలుపు, ఘాటు, నోరంతా ఆక్రమిస్తాయి. మీ రెండు మాల్బెక్‌లనీ ఇదే ప్రశ్నతో తాగండి: ఏది నోరు ఊరిస్తోంది, ఏది నోరు నింపుతోంది? ఎత్తుది ఎప్పుడూ గొప్పదని కాదు, మెండోసాలోనే కింది వైపు ఉండే లుహాన్ దె కూయోలో పాత తీగల మాల్బెక్‌కి ఉండే ఆ మెత్తదనం పైన దొరకదు, 1989లో అర్జెంటీనాలో ముందుగా ప్రాంతం పేరుతో గుర్తింపు తెచ్చుకుంది కూడా అదే.

తీర్పు చెప్పేటప్పుడు నేను చూసేవి ఇవి. మొదటిది నిడివి. మింగగానే మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి, రుచి ఎప్పుడు పోతుందో చూడండి. అయిదు లోపు పోతే మామూలు, పది దాటితే మంచిది, ఇరవై దాకా పండు రుచే ఉంటే ఆ సీసా పేరు రాస్కోండి. ఉండాల్సింది పండు రుచి, మంటో పీపా చేదో మిగిలి ఉంటే అది నిడివి కాదు. రెండోది పొందిక, అంటే పప్పులో ఉప్పు సరిపోయినప్పుడు ఉప్పు గురించి ఎవరూ మాట్లాడరు కదా అలాంటిది, పులుపూ వగరూ ఆల్కహాలూ పండూ ఏదీ విడిగా లేచి కనపడకూడదు. అర్జెంటీనా రెడ్‌లో ఎక్కువసార్లు విడిగా లేచేది ఆల్కహాల్, 14, 14.5 శాతం మామూలే అక్కడ, ఒక్కోటి 15 కూడా ఉంటుంది, పండు బలంగా ఉంటే ఆ సెగ తెలీదు, లేకపోతే గొంతులో మంట. ఎండ ఊళ్ళల్లో పులుపు తక్కువైతే టార్టారిక్ యాసిడ్ కలపడం ఉంది, చట్టప్రకారం తప్పు కాదు, కానీ సరిగ్గా కలవకపోతే పులుపు చివర్లో విడిగా ముల్లులా గుచ్చుతుంది. మూడోది, గ్లాసులో మారుతోందా లేదా. పది నిమిషాలకి, అరగంటకి మళ్ళీ వాసన చూస్తే కొత్తది ఏదైనా వస్తే మంచి వైన్, మొదటి నిమిషంలో ఉన్నదే చివరిదాకా ఉంటే రోజువారీ వైన్. రోజువారీది ఉండటం నేరం కాదు, దాని ధరకి అది న్యాయం చేస్తే చాలు.

మార్కులు వేయాలనిపిస్తే ఇరవైకి వేయండి, వాసనకి అయిదు, నోటికి పది, నిడివికి అయిదు. సీసా చూడకుండా వేయండి. న్యూస్‌పేపర్ చుట్టి పైన రబ్బర్‌బ్యాండ్ వేస్తే చాలు, ధర తెలిస్తే నాలుక మాట వినదు, ఇది నాకు పదే పదే అనుభవం. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే మూడు గ్లాసులు పెట్టి రెండిట్లో ఒకే వైన్, మూడోదాంట్లో వేరే వైన్ పోయమనండి, మా ఆవిడ పోస్తుంది నాకు, వేరేది ఏదో పట్టుకోవాలి. రెండు మాల్బెక్‌లతో ఇది చేస్తే మొదటి రెండుసార్లు తప్పుతారు, నాలుగోసారికి పులుపు పట్టుకుని చెప్పేస్తారు. సీసా అయిపోకపోతే మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టి రేపు మళ్ళీ చూడండి, మంచిది రెండోరోజు ఇంకా విచ్చుకుంటుంది, నాసిది చప్పబడిపోతుంది.

పాడైన సీసాని కూడా గుర్తుపట్టాలి, లేకపోతే ఒక మంచి వైన్‌ని అన్యాయంగా తిట్టినట్టు అవుతుంది. తడిసిన అట్టపెట్టె, వాన నీళ్ళల్లో నానిన పాత న్యూస్‌పేపర్ల వాసన వస్తే కార్క్ పట్టింది, ఎంతసేపు ఆగినా పోదు, షాపుకి వెనక్కి ఇచ్చేయండి. గోళ్ళ రంగు తుడిచే ద్రవం వాసన, వెనిగర్ వాసన అయితే పులిసిపోవడం మొదలైంది. కాల్చిన అగ్గిపుల్ల, కుళ్ళిన గుడ్డు వాసన అయితే కంగారుపడకండి, గాలి తగలక అలా వస్తుంది చాలాసార్లు, గ్లాసు బాగా తిప్పి పది నిమిషాలు ఆగితే పోతుంది. మనలాంటి ఎండ ఊళ్ళవాళ్ళకి అన్నిటికంటే ఎక్కువ తగిలేది ఉడికిపోయిన వైన్. పోయిన జులైలో ఒక షాపులో గ్వాల్తయారి మాల్బెక్ సగం ధరకి ఉంటే రెండు తెచ్చా, అద్దాల పక్కన ఎండ పడే చోట పేర్చి ఉన్నాయి, అప్పుడు ఆలోచించలేదు. ఇంటికొచ్చి రేకు విప్పితే కార్క్ సీసా మూతి కంటే కొంచెం పైకి లేచి ఉంది, పక్కన జిగురుగా వైన్ కారిన మరక. రుచి ఉడకబెట్టిన జామ్, పులుపు లేదు, పూలు లేవు. నాకు చాలా బాధేసింది, ఆ తోటలో ఎవరో చలిలో కోసిన పండు అది. అప్పట్నుంచీ కొనేముందు కార్క్ దగ్గర బొటనవేలు పెట్టి చూస్తా, ఎండాకాలం సీసాల్ని కారు డిక్కీలో అయిదు నిమిషాలు కూడా వదలను.

లేబుల్ మీద మాటలు కొన్ని పనికొస్తాయి. తింతో అంటే రెడ్, బ్లాంకో అంటే వైట్, కోర్తె అంటే రెండు మూడు ద్రాక్షలు కలిపింది. రెసెర్వా అని ఉంటే అర్జెంటీనాలో దానికి రూలు ఉంది, రెడ్ అయితే కనీసం ఏడాది, వైట్ అయితే ఆరు నెలలు ఉంచాలి, గ్రాన్ రెసెర్వా అయితే దానికి రెట్టింపు. ఉంచారు అని చెప్తుంది గానీ బాగుంది అని చెప్పదు. బొనార్దా అని కనపడితే ఒకసారి కొనండి, పేరు ఇటలీది అయినా ద్రాక్ష ఇటలీది కాదు, ఫ్రాన్స్‌లో సవోయ్ వైపుది, వగరు తక్కువ, పళ్ళరసం ఎక్కువ, కొంచెం చల్లగా తాగితే మొదటిసారి రెడ్ తాగేవాళ్ళకి కూడా నచ్చుతుంది. చలి ఊళ్ళ వైన్ ఇష్టమైతే దక్షిణాన పటగోనియాలో రియో నెగ్రో నుంచి వచ్చే పినో న్వార్ అనే రెడ్ చూడండి.

తిండితో కలిపితేనే అసలు తీర్పు. అర్జెంటీనాలో మాల్బెక్‌కి జోడీ అసాదో, నిప్పుల మీద గంటలు కాల్చిన బీఫ్, ఉప్పు తప్ప పెద్దగా ఏమీ వేయరు. మాంసంలో ప్రొటీనూ కొవ్వూ ఉప్పూ వగరుని పట్టేస్కుంటాయి, అందుకే ఖాళీగా తాగినప్పుడు కరుకుగా ఉన్న వైన్ ముక్క నమిలాక మెత్తబడుతుంది. మన కారం దీనికి ఎదురు, మిరపకాయ ఆల్కహాల్ సెగని పెంచుతుంది, వగరుని కూడా మొరటు చేస్తుంది, ఆంధ్ర కోడివేపుడుతో 14.5 మాల్బెక్ తాగితే రెండూ పాడవుతాయి. కారం తక్కువ, మిరియం ఎక్కువ వేసిన మటన్ వేపుడు చేయండి, పక్కన చల్లబరిచిన మాల్బెక్ పెట్టండి, సరిగ్గా కుదురుతుంది. గోంగూర మటన్ ఉంటే ఎత్తు మీది మాల్బెక్ తీస్కోండి, గోంగూర పులుపు ముందు కింది ఊరి మెత్తటి మాల్బెక్ చప్పగా అయిపోతుంది, పులుపు ఉన్నదే నిలబడుతుంది.

చేపల పులుసు రోజు మాత్రం తొర్రొంతేస్ తీయండి. ముద్ద తిన్నాక ఒక గుక్క, పులుసులో చింతపండుకీ వైన్ పులుపుకీ గొడవ ఉండదు, ధనియాల వాసన ధనియాల వాసనని కలుసుకుంటుంది, చివర్లో ఆ బత్తాయి పొర చేదు నోరు కడిగేసి ఇంకో ముద్ద పెట్టుకోమంటుంది. మొన్న మా పెద్దమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు ఒక్క చుక్క నాలుక మీద పెట్టుకుని, ఇదేంట్రా పూలసజ్జ వాసనొస్తోంది అంది. నోట్‌బుక్‌లో ఆ సీసా పేరు పక్కన అదే రాసా.